పన్నెండో క్వార్టరు పెరటి మన్ను

కిరండూల్‌లో ఇనుప ఖనిజం గని కాలనీలో మా క్వార్టర్ల వరసలో గునపం దించితే మన్ను పలకదు, ఇనుము పలుకుతుంది. ఎర్రటి గరుకు నేల. వాన పడినా లోపలికి ఇంకదు, కుంకుమ కలిపిన నీళ్ళలా కాలవ కట్టి రోడ్డు మీదికి పోతుంది. అలాంటి చోట పన్నెండో నంబరు క్వార్టరు పెరట్లో మాత్రం చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయేది. నల్లటి మన్ను. మే నెల ఎండలో కూడా లోపల చల్లగా ఉండేది. పిడికిట పట్టి నొక్కితే ముద్దయ్యేది, వేలితో ముట్టుకుంటే పొడిపొడిగా విడిపోయేది. ఆ మన్ను దేవుడిచ్చింది కాదని రాయడానికి నాకు చెయ్యి రాదు, అన్నీ ఆయన ఇచ్చినవే. కానీ ఆయన చేత పట్టుబట్టి ఇప్పించుకున్నది మా పక్కింటి అప్పలకొండమ్మ. అందుకు ఆవిడకు ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆ మన్ను ఈ వేసవిలో ఏమైందో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

అప్పలకొండమ్మది గజపతినగరం దగ్గర పల్లె. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. భర్త రాజేశ్వరరావు గారు ఇక్కడి గనిలో బెల్టు లైను మీద ఫిట్టరు. నేను ఆవిడను అక్కా అంటాను, ఆయన్ను అన్నయ్యా అంటాను. మేం పదకొండో నంబరులోకి వచ్చి పదకొండేళ్ళు. మా పెరడు మేం వచ్చేసరికే సిమెంటు. మాకంటే ముందున్నవాళ్ళు వేయించుకుని పోయారు. అందుకని నాకు కూరాకు కావాలంటే గోడ మీంచి పిలవడమే.

"అక్కా, రెండు మిరపకాయలు."

"రెండేటే, సెట్టు ఇరిగిపోతన్నాది కాయల్తో. కొంగు పట్టు!"

ఆవిడ ఈ క్వార్టర్లోకి వచ్చిన కొత్తలో పెరట్లో గడ్డి కూడా లేదట. పుట్టింట్లో వాళ్ళ నాన్నకు పశువుల సాల వెనకాల గత్తపు కుప్ప ఉండేది. పేడా, చిత్తూ, పొయ్యి బూడిదా అన్నీ వేసి, ఏడాది మాగబెట్టి పొలానికి తోలేవాడు. ఆ గత్తం గుర్తుపెట్టుకుని ఈవిడ కూడా గొయ్యి తవ్వించింది. పశువులు లేవు కాబట్టి రోడ్డు పక్కన సాల, అంటే మన గుగ్గిలం, చెట్ల నుంచి రాలిన ఆకులు తెచ్చి నింపింది. నీళ్ళు పోసింది. ఏడాది ఆగింది.

"ఏడాది పోయాక తీసి సూసినానే ఉమా, ఏసినప్పుడు ఎలగున్నాయో అలగే ఉన్నాయి. తోలు సెప్పుల్లాగ! సాలాకు సావదే! మా నాన సూస్తే నవ్వీసును." ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ ఆ కోపం కొత్తగానే ఉండేది.

అప్పుడు కోసి అనే ఆవిడ వచ్చింది. కోసి కొండ కింద ఊరి మనిషి. వారానికోసారి ఆకు దొప్పలు కట్టలు కట్టి, నెత్తిన పెట్టుకుని క్వార్టర్లకు తెస్తుంది. అందరితో అమ్మకానికి సరిపడా హిందీ, తెలుగు నేర్చుకుంది. ఆ రోజు గోతిలోకి తొంగిచూసి, ఒక ఆకు తీసి వాసన చూసి, "ఇందులో తినేవాళ్ళు లేరు బాయీ" అందట.

మళ్ళీ వారం వచ్చేటప్పుడు ఒక దొప్పలో అడవి చెట్టు కింది మన్ను రెండు గుప్పిళ్ళు తెచ్చింది. నల్లగా, తడిగా, అందులో నాలుగు వానపాములు, పేరు తెలియని సన్న పురుగులు. గోతిలో కుమ్మరించి, "తినేవాళ్ళను తెచ్చినా" అని నవ్వి పోయింది.

ఆ ఏడాది గొయ్యి మాగింది. "పాలల్లో మజ్జిగ బొట్టు ఏసినట్టేనే" అనేది అక్క. "బొట్టు లేకపోతే పాలు పాలగానే ఇరిగిపోతాయి గానీ పెరుగైపోతాయేటి?"

నేను మా ఊరి బడిలో తొమ్మిది దాకా చదివాను. మా సైన్సు మాస్టారు బోర్డు మీద హ్యూమస్ అని రాసి, ఆకూ అలమూ చచ్చిన పురుగూ కుళ్ళి కుళ్ళి, ఇక కుళ్ళడానికి ఏమీ మిగలకపోతే నల్లగా మట్టిలో నిలిచిపోయేదే ఇది అని చెప్పారు. నీళ్ళను పట్టి ఉంచుతుంది, ఇసుకనూ రాయినీ జిగురులా కలుపుతుంది, వేరుకు కొంచెం కొంచెంగా తిండి పెడుతుంది అన్నారు. రెండు మార్కుల ప్రశ్న. బాగా రాశాను. దాన్ని చేత్తో పట్టుకున్నది మాత్రం నలభై ఏళ్ళు దాటాక, పన్నెండో క్వార్టరు పెరట్లోనే.

పట్టుకుంటే తెలిసింది, మాస్టారు చెప్పనిది ఒకటుందని. అది ఎంత నిదానంగా వస్తుందో ఆయన చెప్పలేదు. అక్క గోతిలో గోనెడు ఆకు పోస్తే, అది మాగి చల్లారేసరికి దోసెడు మిగులుతుంది. ఆ దోసెడులో కూడా సగం మళ్ళీ వానలకు, ఎండకు తరిగిపోతుంది. అలాంటి దోసెళ్ళతో అక్క ఆ పెరడంతా జానెడు లోతు నింపింది.

అందుకు కాలనీ అంతా చెయ్యి వేసింది, తెలిసో తెలియకో. రోడ్లు ఊడ్చే సోమారు మొదట్లో ఆకులు కుప్పచేసి అగ్గిపుల్ల గీసేవాడట. ఈవిడ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పరిగెత్తేది. "ఒరే సోమారూ, మత్ జలావ్ రా నాయనా, కాల్చకు! నాకియ్యి!" నాలుగు రోజులు టీ తాగాడు. అయిదో రోజు నుంచి అడక్కుండానే గోనెలు గేటు దగ్గర దింపి, గేటు చప్పుడు చేసి పోయేవాడు. మా ఇంట్లో దేవుడికి పెట్టిన పూలు వాడిపోయాక తొక్కే చోట పారెయ్యకూడదు కదా, అవి గోడ మీంచి అక్కకే అందించేదాన్ని. ఆవిడ రెండు చేతులూ చాపి, కళ్ళకద్దుకుని, గోతిలో వేసేది. బియ్యం కడుగు, టీ పిప్పి, తొక్కలు, అన్నయ్య గెడ్డం గీసుకున్న వెంట్రుకలు కూడా. "నన్నూ అందులోనే పారేత్తాది ఏదో ఒక రోజు" అనేవారు అన్నయ్య, వరండాలో కూర్చుని.

నాగుల చవితికి మా వైపు పుట్టలో పాలు పోస్తాం. క్వార్టర్లలో పుట్టెక్కడిది? అక్క పెరటి మూల ఆ నల్ల మన్నుతోనే చిన్న పుట్టలా చేసి, పసుపు రాసి, చిమ్మిలీ చలివిడీ పెట్టి పాలు పోసేది. నేనూ అక్కడే పోసేదాన్ని. పదకొండేళ్ళలో ఆ పెరట్లో పామును నేను ఒక్కసారీ చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్ నెలాఖరుకు అన్నయ్య రిటైరయ్యారు. మే నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అది అందరికీ ఉన్న పద్ధతే, అందులో ఎవరినీ అనడానికి లేదు. విశాఖలో మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. అక్కకు దిగులల్లా ఒకటే, తర్వాత వచ్చేవాళ్ళు ఈ మన్నును చూసుకుంటారా లేదా అని.

భిలాయి వైపు నుంచి వచ్చిన చిన్న కుటుంబానికి ఆ క్వార్టరు ఇచ్చారు. ఆ అమ్మాయి పేరు పూనం. నాలుగేళ్ళ కూతురు అమ్మును చంకనేసుకుని ఇల్లు చూడ్డానికి వచ్చింది. వస్తూనే వంగి అక్క కాళ్ళకు దండం పెట్టింది. అక్క కరిగిపోయింది. పెరట్లోకి తీసుకెళ్ళి కరివేపాకు రెమ్మలు తెంపి ఆ పిల్ల చేతిలో పెట్టింది. పూనం తోటకూర మడి చూసి, "కిత్‌నా హరా హై ఆంటీజీ!" ఎంత పచ్చగా ఉందో అని మురిసిపోయింది. మొక్కలంటే ఇష్టమంది. నేను లోపల్లోపల అప్పన్నస్వామికి దండం పెట్టుకున్నాను, గండం గడిచిందని.

అక్కడితో ఆగితే బాగుండేది. అక్క ఆగలేదు. తన పెరడు ఎంత పవిత్రమైందో కూడా చెప్పాలనుకుంది. మూల ఉన్న ఆ మన్ను దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి, చేత్తో దాన్ని తట్టి, తనకొచ్చిన హిందీలో అంది:

"ఇధర్ నాగ్‌దేవతా హై బేటీ. హర్ సాల్ దూధ్ దేతా మై. బహుత్ అచ్ఛా దేవతా. కభీ కుఛ్ నహీ కర్తా!" ఇక్కడ నాగదేవత ఉంది, ఏటా పాలు పోస్తాను, మంచి దేవత, ఎప్పుడూ ఏమీ చెయ్యదు అని.

పూనం నవ్వు ఆగిపోయింది. కింద ఆడుకుంటున్న పిల్లను గభాల్న ఎత్తుకుంది. "యహీఁ? ఇసీ జగహ్?" ఇక్కడేనా, ఈ చోటేనా అని.

"హాఁ హాఁ, ఇసీ జగహ్!" అంది అక్క గర్వంగా. పక్కన నిలబడి నేను కూడా తలూపాను. ఆ తలూపినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండు రోజులకు పూనం భర్త అన్నయ్యకు ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. పిల్ల చిన్నది, పెరట్లో పాము ఉందని ఆంటీయే చెప్పారు, అందుకని చేరగానే పెరడంతా సిమెంటు చేయిస్తాం, మేస్త్రీతో మాట్లాడేశాం అన్నాడు.

అక్క నమ్మలేదు. "నానెప్పుడు సెప్పినాను పాముందని? దేవతుందని సెప్పినాను!"

"నీ దేవతకు కోరలుంటాయా ఉండవా?" అన్నారు అన్నయ్య.

"మీరూరుకోండి. ఉమా, నడవే. ఆ పిల్లకు సెప్పొద్దాం."

ఇద్దరం వెళ్ళాం. వాళ్ళు ఒక అద్దె గదిలో ఉన్నారు. పూనం మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, షర్బత్ ఇచ్చింది. అక్క చెప్పుకొచ్చింది. పాము లేదు. ఎప్పుడూ లేదు. ఊరికే పూజ. ఆ మన్ను మంచి మన్ను, బీస్ సాల్ కా మన్ను, సిమెంటు వెయ్యొద్దు బేటీ అని.

పూనం అంతా విని, ఎగతాళి లేకుండా, తెలుసుకుందామనే అడిగింది. "లేకిన్ ఆంటీజీ, ఫిర్ దూధ్ కౌన్ పీతా హై?"

మరి పాలు ఎవరు తాగుతారు?

అక్క నా వైపు చూసింది. ఎవరూ తాగరు, మన్నులో ఇంకిపోతాయి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో పెరడు దక్కేదేమో. కానీ ఇరవై రెండేళ్ళు స్వామీ అని పిలిచి పోసిన పాలను ఎవరూ తాగలేదని అనడానికి అక్కకు నోరు రాలేదు, నాకూ రాలేదు. షర్బత్ గ్లాసులు కింద పెట్టి వచ్చేశాం.

దారిలో అక్క ఒక్కటే మాట అంది. "నిజం సెప్పినా తప్పే, సెప్పకపోయినా తప్పేనేటే?"

అప్పటికి ఖాళీ చెయ్యడానికి ఇరవై రోజులుంది. మన్నుకు వేరే చోటు వెతకడం మొదలుపెట్టింది. గుడి దగ్గర పంతులుగారు మంచివారు, కానీ గుడి ఆవరణంతా రెండేళ్ళ కిందటే టైల్స్ పరిచారు. "తులసి తొట్లు నాలుగున్నాయమ్మా, వాటికి పట్టినంత ఇవ్వండి" అన్నారు. నాలుగు తొట్లకు పోసింది. బడికి వెళ్ళింది. వేసవి సెలవులు. తాళం చెవి ఉన్న సారు విసుక్కోకుండానే, "ఇంత మన్ను ఇక్కడ పోస్తే వానలకు పిల్లల కాళ్ళకింద బురదమ్మా, చూసుకునే మనిషెవరు?" అన్నాడు. నేను ఆరు కుండీలు కొని నింపుకున్నాను. ఇన్ని చేసినా పెరట్లో ఒక మూల కూడా తగ్గలేదు. మా సిమెంటు మీద నడుస్తుంటే ఆ వారమంతా నాకు అరికాళ్ళు కాలినట్టుండేది.

చివరికి విశాఖ తీసుకుపోతానంది.

"మూడో అంతస్తుకా?" అన్నారు అన్నయ్య.

"కింద తోటేనా ఉండదా అపార్టుమెంటుకి? లేకపోతే బాల్కనీల పోసుకుంతాను. నా మన్ను నాను ఒగ్గీసి ఎల్లను."

అన్నయ్య వాదించలేదు. ఇద్దరు కూలీలను పెట్టి, తనూ లుంగీ ఎగ్గట్టి దిగి, ఖాళీ సిమెంటు సంచుల్లోకి మన్ను ఎత్తించారు. ముప్ఫై ఒక్క సంచులయ్యాయి. కరివేపాకు మొదట్లో మాత్రం వేళ్ళు తెగుతాయని ముట్టుకోలేదు. సంచుల మూతులు పురికొసతో గట్టిగా కట్టి, పక్కనున్న రేకుల షెడ్డు కింద పేర్చారు. సామాన్ల లారీ సోమవారం రావాలి. రాలేదు. రేపంటారు, ఎల్లుండంటారు. తొమ్మిది రోజులైంది. మే నెల రేకుల కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

లారీ వచ్చాక డ్రైవరు బీరువా, మంచాలు, మిషను అన్నీ ఎక్కించుకున్నాడు. సంచులు చూసి ఇదేమిటన్నాడు.

"మన్ను."

"మన్నా? ఎక్కడికి?"

"వైజాగు."

అతను మాకేసి ఒకసారి చూసి, బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "అమ్మా, సాలూరు ఘాటీ దిగాల నేను. ఇంత బరువుతో దిగితే బండి ముందు పోద్ది, నేను ఎనక పోతాను. వైజాగులో మన్ను లేదేటమ్మా?"

బతిమాలినా ఎక్కించుకోలేదు. అతని తప్పు కాదు. వెళ్ళబోతూ మా కుండీలు రెండు ఎండలో ఉంటే తనే నీడకు జరిపి వెళ్ళాడు.

అక్క కోపంగా ఒక సంచి మూతి కోసింది. లోపలి నుంచి పుల్లటి, ఉడికిన వాసన వచ్చింది. చెయ్యి పెట్టి తీస్తే మన్ను ముద్దకాలేదు. పైన బూడిదలా వేళ్ళ సందుల్లోంచి జారింది, లోపల ఉడికిన పిండిలా అంటుకుంది. వానపాములు ఎండిపోయి దారప్పోగుల్లా ఉన్నాయి. రెండో సంచి, మూడోది, నాలుగోది. అన్నీ అంతే.

"అయ్యో, ఊపిరి ఆడనియ్యలేదు" అంది, నుదురు కొట్టుకుంటూ. "సంచుల్లో ఎవరైనా కడతారా బతికున్నదాన్ని!"

"కట్టమన్నది నువ్వే కదే" అన్నారు అన్నయ్య.

"కట్టింది మీరు!"

"నువ్వు కట్టమంటేనే కట్టినాను! వెధవ మన్ను కోసం నెల రోజుల నుంచి ఇంట్లో అన్నం ముద్ద ప్రశాంతంగా లేదు!"

"ఆ యెదవ మన్నులో తోటకూరే ఇరవయ్యేళ్ళు తిన్నారు!"

గోడకు ఇవతల నేను గిన్నెలు తోముతూ ఉన్నాను. ఇద్దరూ ఒక రోజంతా మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి అన్నయ్య పైపు పట్టుకుని సంచులన్నిటి మూతులూ విప్పి కొంచెం కొంచెంగా తడుపుతున్నారు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు.

ఆ రోజే కోసి దొప్పలతో వచ్చింది. అక్క కట్ట దింపనివ్వకుండానే చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. ఇన్నాళ్ళూ తట్టలేదట, అప్పుడే తట్టిందట. "కోసీ, ఇదంతా నువ్వు తీసుకుపోవే. ఊరికే. బండి నాను మాటాడతాను. మీ పొలంల ఏసుకో."

కోసి సంచులు చూసింది, అక్కను చూసింది, చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇదా? నాకెందుకు బాయీ? మా దగ్గర అడవిలో నడిస్తే కాలికింద ఇదే!"

"నవ్వుతావేటే! నా ప్రాణం పోతంటే!"

కోసి నవ్వు ఆపింది. కట్ట కింద పెట్టి, అందులోంచి ఒక దొప్ప తీసుకుని, సంచుల వైపు వెళ్ళకుండా నేరుగా కరివేపాకు మొదటికి వెళ్ళింది. కూలీలు తవ్వని చోటు. గొంతుకూర్చుని వేళ్ళతో నెమ్మదిగా గీకింది. నల్లగా తడిగా రెండు గుప్పిళ్ళు దొప్పలోకి తీసింది. అందులో నాలుగైదు వానపాములు మెదిలాయి. పైన ఇంకో దొప్ప బోర్లించి, సన్న వెదురు పుల్లతో రెండిటినీ కుట్టి, అక్క చేతిలో పెట్టింది.

"నేను ఇంతే ఇచ్చినా. నువ్వూ ఇంతే తీసుకుపో."

"మరి మిగిలింది?"

"మిగిలింది ఇక్కడే ఉంటది."

"సిమెంటు ఏసేత్తారే!"

కోసి చేతికంటిన మన్ను దులుపుకుంది. "అయితే వాళ్ళకు ఉండదు" అంది. అంతే. జాలి మాటలు ఆమెకు రావు.

అక్క ఆ దొప్ప పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఇరవై రెండేళ్ళే కోసీ! దొప్పడేటే! దొప్పడు!" అని ఏడ్చింది. కోసి పక్కన కూర్చుని, చెదిరిన దొప్పల కట్టను మళ్ళీ ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ ఉండిపోయింది. అక్క ఏడుపు ఆగేదాకా లేవలేదు. ఆ రోజు సంత రోజని, ఆమె అమ్మకం పోయిందని నాకు సాయంత్రానికి గాని తట్టలేదు.

మర్నాడు ముప్ఫై ఒక్క సంచులూ మళ్ళీ పెరట్లోనే కుమ్మరించాం. అన్నయ్య పారతో చదును చేశారు. అక్క నీళ్ళు పట్టింది.

"సిమెంటు కింద పడే మన్నుకు నీళ్ళెందుకక్కా?" అన్నాను ఉండబట్టలేక.

"ఎండిపోయున్నాది కదే" అంది, నా వైపు చూడకుండా.

వాళ్ళు వెళ్ళే రోజు పొద్దున్నే విశాఖ బండి. ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే పూనం తాళాల కోసం వచ్చింది, చేతిలో దారికి కట్టిన పూరీల డబ్బాతో. అక్క డబ్బా తీసుకుంది. ముఖం చూడలేదు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చి, అచ్చ తెలుగులో, "కరేపాకు కోసుకో. రోజూ రెండు చెంబులు నీళ్ళు పొయ్యి. మర్సిపోకు" అంది. పూనం ఏం అర్థం చేసుకుందో, "జీ ఆంటీజీ" అంది. తడిగుడ్డలో చుట్టిన దొప్పను అక్క సంచిలో పెట్టలేదు, బండిలో కూడా ఒళ్ళోనే పెట్టుకుందని తర్వాత అన్నయ్య చెప్పారు.

నాలుగు రోజులకు మేస్త్రీ వచ్చాడు. కంకర కుమ్మరించిన చప్పుడు వినలేక మా వెనక తలుపు వేసుకున్నాను. రెండు రోజులు తియ్యలేదు. మూడో రోజు తీసి గోడ మీంచి చూశాను. పెరడంతా బూడిద రంగు, నీళ్ళు కట్టి మెరుస్తోంది. కరివేపాకు చుట్టూ మాత్రం ఇటుకలు గుండ్రంగా పేర్చి, తట్టంత చోటు వదిలారు. పూనం చెంబుతో అందులో నీళ్ళు పోస్తోంది. నన్ను చూసి, "ఆంటీజీ నే కహా థా నా" అంది. ఆవిడ చెప్పారుగా అని. మంచి పిల్లే. అయినా నాకు నవ్వు రాలేదు. మన్నును బతికించడానికి మంచితనం ఒక్కటే చాలదని ఆ పెరడు చూస్తే తెలుస్తుంది. నా మంచితనం మాత్రం ఏం చేసింది? తలూపింది.

పది రోజులకు అక్క ఫోన్ చేసింది. క్షేమం అడగలేదు, నేరుగా తిట్లే. బాల్కనీలో పాత డ్రమ్ము పెట్టి, అడుగున కొబ్బరి పీచు వేసి, దొప్ప విప్పి అందులో పెట్టిందట. పక్క ఫ్లాటావిడ వచ్చి వాసన వస్తోందందట.

"ఏటి వాసన? వానొచ్చినప్పుడు నేల కొట్టే వాసనే! ఆవిడ గదిలో కొట్టుకునే సెంటు నాను భరించడం లేదేటి?"

"పోన్లే అక్కా. డ్రమ్ము పెట్టుకున్నావు కదా."

"పెట్టుకుని ఏటి సెయ్యను? ఆకుల్లేవే! కింద రోడ్డంతా ఊడ్చి కాల్చీస్తన్నారు. నాను బేగి లెగిసి దిగేసరికే పొగ. ఇక్కడ టీ ఇచ్చినా ఇనడం లేదు. నాలుగు సాలాకులు పంపవే."

సోమారుకు చెప్పాను. మర్నాడే గోనెడు ఆకులు మా గేటు దగ్గర దింపి, ఎప్పటిలాగే గేటు చప్పుడు చేసి పోయాడు. పన్నెండో నంబరు వైపు ఒకసారి చూసి పోయాడు. మా ఆయన కళ్ళు చూపించుకోడానికి విశాఖ వెళ్తుంటే ఆ గోనె ఆయన నెత్తిన పెట్టాను. స్టేషన్లో టీసీ ఆపాడట.

"ఏముంది సంచిలో?"

"ఆకులు."

"ఏ ఆకులు?"

"రాలిన ఆకులు."

మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికి, మా ఆయన ముఖంలోకి చూసి, "వైద్యానికా?" అన్నాడట. ఈయన అవునన్నారట. ఇంకేం చెప్తారు.

మళ్ళీ వారం అక్క ఫోన్. "ఆ సోమారుకి సెప్పు, ఆకుల్లో రెండు గుట్కా పేకట్లు ఊడ్చి పెట్టినాడు. అవి సచ్చినా సావవు. ఏరుకోలేక నడుం పడిపోయింది నాకు."

"చెప్తానక్కా. డ్రమ్ములో తినేవాళ్ళున్నారా?"

అవతల డ్రమ్ము కదిలిన చప్పుడైంది. మూత తీసి చూస్తోందనుకున్నాను.

"ఉన్నారే" అంది విసుగ్గా. "తిండే సాలడం లేదు."